ఫ్యాను లేని పాటల పెట్టె

విజయవాడలో కంప్యూటర్ సామాన్లు అమ్మే కొట్టుకు వెళ్ళి, "పాటలు వినడానికి సౌండ్ లేని కంప్యూటర్ కావాలండీ" అన్నాను. కౌంటర్ దగ్గరున్న పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూశాడు. "సౌండ్ లేకపోతే పాటలు ఎట్టా వింటారండీ?" అన్నాడు. సామాన్లు కొనడానికి వచ్చిన మరో ఇద్దరు కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళు నూజివీడులో రేడియోలూ, టేప్‌రికార్డర్లూ, పెళ్ళిళ్ళ మైకుసెట్లూ బాగుచేసి బతికినవాణ్ణి, నాకా సౌండ్ గురించి చెప్పేది! "పాట సౌండ్ రావాలయ్యా, పెట్టె సౌండ్ రాకూడదు. లోపల ఫ్యాను ఉండకూడదు, అంతే!" అని కొట్టంతా వినపడేలా అరిచాను. ఆయన మాత్రం నెమ్మదిగానే, "మన ఎండలకి ఫ్యాను లేకపోతే ఉడికిపోద్ది మాస్టారూ" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. నేనే వినిపించుకోలేదు.

నా కోపం సంగతి ముందే చెప్పుకోవాలి. నోరు జారడం, తర్వాత లోలోపల కుమిలిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. పెళ్ళయిన కొత్తలోనే నా భార్య దానికొక మందు కనిపెట్టింది. నేను అలిగి అన్నం మానేస్తే, పిలవదు, బతిమాలదు. వంటింట్లోంచే అలక పాట ఎత్తుకునేది. పెళ్ళికొడుకు అలిగి పీట మీద కూర్చోనంటే ఆడపెళ్ళివారు బుజ్జగిస్తూ పాడతారే, అలాంటి పాట. వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకుంది. ప్రతి చరణం చివరా "రావయ్యా" అని వస్తుంది. ఆ "రా" దగ్గర ఆమె గొంతు కొంచెం సాగి, అందులో నవ్వు కలిసి, మెల్లగా కిందికి దిగేది. రెండు చరణాల దాకా బిగుసుకుని కూర్చునేవాణ్ణి. మూడో చరణానికి సిగ్గు లేకుండా లేచి వెళ్ళి కంచం ముందు కూర్చునేవాణ్ణి.

ఆ గొంతు మా చుట్టుపక్కల అందరికీ తెలుసు. పెళ్ళి పందిట్లో హారతి పాట పాడాలంటే ఆమెకే కబురొచ్చేది. మైకుసెట్టు నాది, పాట ఆమెది. "మీ ఇద్దరిలో ఒకళ్ళని పిలిస్తే రెండోవాళ్ళు ఊరికే వస్తారు" అని జనం ఎగతాళి చేసేవారు. మాకు పిల్లలు లేరు. సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికి వచ్చాక నేను టేప్‌రికార్డర్ ముందు పెట్టేవాణ్ణి, ఆమె గుర్తొచ్చిన పాటల్లా పాడేది. "ఎందుకండీ ఇవన్నీ దాచడం, నేనెక్కడికి పోతాను?" అనేది. నిజంగానే ఎక్కడికీ పోలేదు. ఇంట్లోనే ఉంది. గొంతే పోయింది.

ముందటేడు కార్తీకంలో ఆమెకు పక్షవాతం వచ్చింది. పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఒరిగిపోయింది. ప్రాణం దక్కింది. కొన్నాళ్ళకి కాలీడ్చుకుంటూ గోడ పట్టుకుని నడిచింది. కుడిచెయ్యి మాత్రం లేవలేదు. మాట రాలేదు. మనం చెప్పింది అంతా అర్థమవుతుంది, నవ్వే చోట నవ్వుతుంది. తను చెప్పాలనుకున్నది మాత్రం నోట్లో తిరగదు. "బా... బా..." అని మొదలుపెట్టి, కాదన్నట్టు తల అడ్డంగా ఊపి, చివరికి ఏడ్చేది. మంచినీళ్ళు కావాలా, పక్క మీద పడుకుంటావా అని నేను ఒక్కొక్కటే అడగాలి. పదోది అడిగేసరికి నా గొంతు పెరిగేది. అది పెరగ్గానే ఆమె అడగడం మానేసి గోడ వైపు తిరిగేది.

మాట నేర్పే డాక్టరమ్మ ఒకావిడ ఉందంటే విజయవాడ తీసుకెళ్ళాను. ఆవిడ చాలాసేపు పరీక్ష చేసి, "మాట పోయినా కొందరికి పాట మిగులుద్దండీ. ఆవిడ పాడిన పాటలే ఉన్నాయంటున్నారుగా, అవే వినిపించండి. చరణం చివరి మాట ముందు పాట ఆపేసి, ఆవిడ వంక చూస్తూ ఊరుకోండి. అందుకుంటుందేమో చూద్దాం. గదిలో ఇంకో చప్పుడు ఏదీ ఉండకూడదు. తొందరపెట్టొద్దు, విసుక్కోవద్దు" అంది. విసుక్కోవద్దు అన్నప్పుడు నా మొహమే చూసింది. ఎలా కనిపెట్టిందో ఏమో.

కేసెట్లలో పాటలన్నీ నా పాత కంప్యూటర్లోకి ఎక్కించాను. కొన్ని కేసెట్లు ఆ ఆఖరిసారి తిరిగి పుటుక్కున తెగిపోయాయి. మిగిలిన వాటికి బూజు పట్టింది. ఆ బూజు గాలి ఆమెకు మంచిది కాదని పెరట్లో అన్నీ కుప్ప పోసి తగలబెట్టాను. పాటలు కంప్యూటర్లో ఉన్నాయిగా అనుకున్నాను. కానీ ఆ కంప్యూటర్ పెడితే లోపల ఫ్యాను బియ్యం మిల్లు ఆడినట్టు మోగేది. ఆమె పాట వినకుండా ఆ డబ్బా వంక చూసి, మొహం చిట్లించి, ఎడంచేత్తో చెవి మూసుకునేది. రెండు చప్పుళ్ళు కలిసి వస్తే విడదీసుకోవడం ఆమెకు ఇక చేతకాదని నాకప్పుడు అర్థమైంది. అందుకే ఫ్యాను లేని పెట్టె.

నెల రోజులు పట్టింది చేయడానికి. తక్కువ కరెంటుతో నడిచే చిన్న బోర్డు ఒకటి తెచ్చాను. తిరిగే డిస్కు కాకుండా చిప్పుల డిస్కు పెట్టాను, దానికి కదిలే భాగాలే ఉండవు. పాటలన్నీ దాన్లోకి మార్చి, పాత కంప్యూటర్‌ను తుక్కు కింద అమ్మేశాను. వేడి సంగతికొస్తే, నా కొట్లో చచ్చిపడున్న పాత ఆంప్లిఫయర్ ఒకటి ఉంది. దాని వెనకాల అల్యూమినియం రెక్కల దిమ్మ ఉంటుంది, వేడిని గాలిలోకి వదలడానికి. దాన్ని ఊడదీసి, ఆకురాయితో నునుపు చేసి, మధ్యలో రాగిబిళ్ళ పెట్టి ప్రాసెసర్ మీద బిగించాను. ఇక వేడి దానంతటదే రెక్కల్లోకి పాకి బయటికి పోవాలి. ఇంట్లో ఇన్వర్టర్ గుయ్‌మంటుందని అది కూడా తీసేసి అటకెక్కించాను. కరెంటు పోతే పెట్టె ఆగుతుంది, ఆగనీ అనుకున్నాను. నడిమి గది కిటికీకి తడి గోనెపట్టా కట్టి, పాట వినేసేపు సీలింగ్ ఫ్యాను కూడా ఆపేవాణ్ణి.

మొదటిసారి పెట్టెను నడిపినప్పుడు దానికి చెవి ఆనించి విన్నాను. అబ్బ! ఏమీ లేదు. నలభై ఏళ్ళ నా పనిలో అంత మంచి నిశ్శబ్దం నేను ఎప్పుడూ చేయలేదు. ఆమె వచ్చి ఎడమ అరచెయ్యి దాని రెక్కల మీద పెట్టింది. పెట్టె గోరువెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఆమెకు నచ్చినట్టుంది, చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

ఉగాదికి నాలుగు రోజుల ముందు, పొద్దున పదింటప్పుడు, అలక పాట పెట్టాను. చివరి మాట ముందు, పెట్టెకు కలిపిన నా ఫోన్లో నొక్కి ఆపాను. గదిలో మా ఇద్దరి ఊపిరి తప్ప ఏమీ లేదు. ఆమె నా వంక చూసింది, పెదవులు కదిలాయి. ఇంత సన్నగా, దారప్పోగు అంత, "యా" అని వచ్చింది. "రావయ్యా"లో ఆఖరి అక్షరం. నేను పిచ్చివాడిలా ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను. ఆమె నవ్వింది, మళ్ళీ పెట్టమని పెట్టె వంక చూపించింది. నాలుగు వారాలు తిరిగేసరికి "వయ్యా" దాకా వచ్చింది. ఆ "రా" ఒక్కటీ రాలేదు. అది వస్తే మాట వస్తుంది, పాట వస్తుంది, నా మనిషి నాకు వచ్చేస్తుంది అనుకున్నాను. వేరే ఆలోచనే లేదు నాకు.

ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం పూట పెట్టె బాగా వేడెక్కి దానంతటదే ఆగిపోవడం మొదలైంది. వేడి హద్దు దాటితే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది, దాని తప్పు కాదు. ఒకరోజు సరిగ్గా ఆమె నోరు తెరిచినప్పుడు ఆగింది. ఆమె బెదిరి మూసేసుకుంది. నాకు తిక్క రేగింది. సెట్టింగుల్లోకి వెళ్ళి, వేడికి ఆగిపోయే ఆ ఏర్పాటును తీసి పారేశాను. ఉడికితే ఉడకనీ, పాట మాత్రం ఆగకూడదు! ఇంకో డిస్కులోకి పాటలన్నీ కాపీ చేసి పెట్టుకోవాలని కూడా తెలుసు. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ "రెండు కాపీలు పెట్టుకోండి బాబూ" అని చెప్పిన నోరే ఇది. మామిడి కోతలు అయ్యాక చేద్దాంలే అనుకున్నాను.

విస్సన్నపేట దారిలో మాకు రెండెకరాల మామిడితోట ఉంది. కోతకి మనుషులు వచ్చారని కబురొస్తే, పెట్టె ఆపకుండానే తెల్లవారుజామున బయల్దేరాను. ముందురోజే ఇంటికని ఒక గోనె నిండా చిన్నరసం కాయలు తెచ్చి వసారాలో దించాను. మధ్యాహ్నం అన్నం పెట్టి కనిపెట్టుకుని ఉండమని పక్కింటావిడకు చెప్పాను. ఆవిడ మా ఆవిణ్ణి వదిన అంటుంది, నన్ను అన్నయ్యగారు అంటుంది. "మీరెళ్ళి రండి అన్నయ్యగారూ, నేను చూసుకుంటాగా" అంది.

సాయంత్రం ఐదున్నరకి ఇంటికి వచ్చాను. ఎండలో తిరిగి తల దిమ్మెక్కి ఉంది. నడిమి గదిలోకి అడుగుపెట్టగానే ఎండుగడ్డి వాసన, దానిలో కాలిన ప్లాస్టిక్ వాసన. పెట్టె ఎక్కడా కనపడలేదు. అది ఉండాల్సిన చోట గడ్డికుప్ప ఉంది, కుప్ప మీద గోనెపట్టా. పట్టా లాగాను. గడ్డి, గడ్డి మధ్యలో వరసలు వరసలుగా చిన్నరసాలు, తొడిమలన్నీ కిందికి పెట్టి, ఒకదానికొకటి తగలకుండా. వాటి నడుమ, గడ్డిలో పూడిపోయి, నా పెట్టె.

మా వైపు ఇళ్ళల్లో కాయలు మగ్గబెట్టే పని ఆడవాళ్ళది. ఇంట్లో ఎక్కడ వెచ్చగా ఉంటుందో వాళ్ళకి తెలుసు. ఆ చోట గడ్డి పరిచి, కాయ పేర్చి, పైన పట్టా కప్పుతారు. ప్రతి ఏడూ ఆమె చేసే పనే అది. ఈ ఏడు ఇంట్లో అన్నిటికన్నా వెచ్చని చోటు నా పెట్టె. అది ఆమె అరచేతికి తెలుసు. ఒంటిచేత్తో, కాలీడ్చుకుంటూ, పెరట్లోంచి కొంగులో గడ్డి మోసుకొచ్చి, కాయ తర్వాత కాయ తెచ్చి, పేర్చింది. ఎన్నిసార్లు తిరిగిందో పాపం.

ఇదంతా నేను తర్వాత అనుకున్నది. అప్పుడు మాత్రం నాకు పెట్టె తప్ప ఇంకేమీ కనపడలేదు. గడ్డి పీకి అవతల పారేసి మీట నొక్కాను. బోర్డు వెలిగింది. ఫోన్లో మాత్రం డిస్కు కనపడలేదు. మళ్ళీ నొక్కాను, మళ్ళీ మళ్ళీ నొక్కాను. డిస్కు లేదంటోంది.

వెనక్కి తిరిగేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టులో గడ్డిపరకలు. సగం మొహంతోనే వెలిగిపోతూ నవ్వుతోంది. ఏదో చూపించాలన్నట్టు ఎడంచెయ్యి ఎత్తి, ఊపిరి లోపలికి తీసుకుని, నోరు తెరిచి, "ఆ... ఆ..." అంటోంది.

"ఏం చేశావే! నీ గొంతంతా అందులోనే ఉందే! అంతా తగలబెట్టావు గదే!" అని అరిచాను. ఆమె ఇంకా నవ్వుతూనే, "రా..." అని ఏదో అనబోయింది. "నోర్ముయ్! ఇంకా ఆ కూతలొకటా? నోర్ముయ్!" అన్నాను. చేతికందిన మామిడికాయ గోడకేసి కొట్టాను.

ఆమె నవ్వు ఆరిపోయింది. నోరు మూసుకుంది. గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి పడుకుంది. నేను ఆ గడ్డీ కాయలూ అన్నీ ఎత్తి పెరట్లో పారబోశాను. ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది.

డిస్కు పట్టుకుని విజయవాడ అంతా తిరిగాను. పోయినవి తిరిగి తెచ్చే చోట్లు ఉన్నాయంటే అక్కడికీ వెళ్ళాను. "లోపల చిప్పే పోయిందండీ, ఇందులో ఇంకేం లేదు" అన్నారు. కొత్త డిస్కు పెట్టి, వేరేవాళ్ళ పాటలు ఎక్కించి, మళ్ళీ గదిలో పెట్టాను. ఆమె మర్యాదగా కూర్చుని వింది. చివరి మాట ముందు ఆపితే నా మొహం వంక చూసింది కానీ, పెదవి కదపలేదు. "యా" కూడా పోయింది. "బా... బా..." అనడం కూడా మానేసింది. పాటలు పోయాయనే దిగులుతో మాట పడిపోయిందని అనుకున్నాను. నా బుర్రకి అంతే తోచింది.

పక్కింటావిడ నేను తోటకెళ్ళొచ్చిన మర్నాడే జి. కొండూరులో కూతురి పురిటికి వెళ్ళి, తిరిగి శ్రావణంలో వచ్చింది. వచ్చిన రోజు చలిమిడి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వదిన ఎలా ఉంది, ఏంటి అని అడిగి, "అవునండీ అన్నయ్యగారూ, అడుగుదామనుకుంటూ మర్చిపోయా. మీ పెట్టె కరెంటు లేకపోయినా పాడుద్దా?" అంది.

"కరెంటు లేకుండా ఎట్టా పాడుద్దమ్మా?" అన్నాను.

"అదేనండీ నేనూ అనుకున్నా! మీరు తోటకెళ్ళిన రోజు, లైను పని ఉందని పన్నెండింటికి తీశారు, నాలుగున్నరకి గానీ ఇవ్వలేదు. ఇంట్లో ఉక్క భరించలేక పెరట్లో గోడ వార కూర్చుని మాగాయ ముక్కలు తిరగేస్తున్నా. మూడింటప్పుడు మీ గదిలోంచి పాట. అదే, అలక పాట. ఎంత కమ్మగా ఉందనుకున్నారు! కిటికీలోంచి చూస్తే వదిన అటు తిరిగి గడ్డిలో కాయలు సర్దుకుంటోంది. పెట్టెలో పాట వింటా పని చేసుకుంటోంది కాబోలు, పాపం మనసు బాగుంది ఇవాళ, అనుకున్నా."

ఆవిడే మళ్ళీ, "అయితే మీ పెట్టె కొంచెం చెడిందేమో చూసుకోండి. రావయ్యా దగ్గర ఆగిపోతంది, మళ్ళీ మొదటికొచ్చి పాడతంది. అట్టా నాలుగైదుసార్లు. ఆఖరికి మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది లెండి, నవ్వుతా పాడినట్టు" అంది.

ఆవిడ వెళ్ళిపోయాక ఒక్కొక్కటే లెక్క చూసుకున్నాను. పొద్దున్నే గడ్డిలో ఉడికి చచ్చిందో, పన్నెండింటికి కరెంటు పోయి ఆగిందో, మూడింటికి మాత్రం పెట్టె పాడే వీల్లేదు. పాడింది ఆమె. నేను వారాల తరబడి ఆ నిశ్శబ్దంలో కూర్చోబెట్టి, నోటి వంక చూస్తూ, రప్పించలేకపోయిన పాట ఆ కాయలు సర్దుతుంటే దానంతటదే వచ్చింది. ఎవరూ చూడని చోట, ఎవరూ ఆపని చోట వచ్చింది. సాయంత్రం గుమ్మంలో నిలబడి, జుట్టులో గడ్డితో, ఆమె నాకు అదే వినిపించబోయింది. నేను ఏమన్నానో రాశాను కదా.

లోపలికి వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "నాకు తెలీదే. నువ్వు పాడావని తెలీదు. ఒక్కసారి పాడవే" అన్నాను. ఆమె ఎడంచెయ్యి నా తల మీద పెట్టి నిమిరింది. నోరు తెరవలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగానో. అలిగాను కూడా, నిజంగానే అన్నం మానేసి కూర్చున్నాను. ఆమె కాలీడ్చుకుంటూ కంచం తెచ్చి నా ముందు పెట్టి, పక్కన కూర్చుంది. అంతే.

డాక్టరమ్మ మాటలు ఇక మర్చిపోయి, మామిడికాయల కోసం ఎదురుచూశాను. పూత వచ్చింది, పిందె వచ్చింది, గాలివానకి సగం రాలిపోతే నా ప్రాణం పోయినంత పనైంది. మొన్న వైశాఖంలో కోత కాగానే గోనె నిండా చిన్నరసాలు తెచ్చి ఆమె ముందు దించాను. గడ్డి తెచ్చి పెట్టాను. ఆమె కాయలు ఒక్కొక్కటీ తీసి చూసింది. పెట్టె వైపు పోలేదు. దానికి దూరంగా, బియ్యం డ్రమ్ము పక్కన గడ్డి పరిచి, ఇక్కడ పెట్టొచ్చా అన్నట్టు నా వైపు చూసింది. పెట్టవే, ఎక్కడైనా పెట్టు, అన్నాను.

నేనుంటే పాడదేమోనని, తోటకెళ్తున్నానని చెప్పి బయటికి వచ్చాను. వీధిలోంచి చుట్టూ తిరిగి పక్కింటి పెరట్లోకి వెళ్ళి, ఆ గోడ వార నిలబడ్డాను. పన్నెండు దాటింది, రెండు దాటింది, మూడు దాటింది. లోపల గడ్డి కదులుతున్న చప్పుడు వినపడుతోంది, కాయ పక్కన కాయ పెడుతోంది. ఇంకేమీ లేదు. నేను ఆ రోజు నోర్ముయ్యమన్నాను. మూసుకుంది.